పోయింది గేర్ బాక్సేనా?

ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే మనలో ఎవరమైనా ఏం చేస్తాం? లాగ్ తీస్తాం, ఎప్పట్నించీ పడుతోందో చూస్తాం, ఆ ముందురోజు ఎవడు ఏం మార్చాడో కనుక్కుంటాం. ఇవేవీ చూడకుండా "సర్వర్ పోయింది, కొత్తది కొనండి" అన్నవాణ్ణి ఇంకోసారి మీటింగుకి పిలవం. అదే మనిషి శనివారం పొద్దున్నే కారు షాపుకి వెళ్తాడు. అక్కడాయన బ్లాకు చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చి "ట్రాన్స్‌మిషన్ పోయింది, రీబిల్డ్ చెయ్యాలి, మూడు వేలవుతుంది" అంటాడు. మనవాడు నోరెత్తకుండా కార్డు తీస్తాడు. ఇంకో రకం ఉన్నారు. వాళ్ళు కార్డు తియ్యరు. కారుని శుభ్రంగా కడిగి, కోడ్లు చెరిపేసి, ఆగస్టులో ఎమ్మెస్‌కి దిగబోయే కుర్రాడికి అంటగడతారు.

పైకి ఒకడు అమాయకుడు, రెండోవాడు గడుసువాడు. నాకు మాత్రం ఇద్దరూ ఒకటే. అసలు ఏం పాడైందో కనుక్కోవాలన్న ఆలోచన ఇద్దరికీ లేదు.

ఇక్కడ నేను చెప్పేదంతా అమెరికాలో మనవాళ్ళు నడిపే పాత కార్ల గురించి. పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో పాతబడిన, టార్క్ కన్వర్టరూ నాలుగైదు గేర్లూ ఉన్న మామూలు ఆటోమేటిక్ గురించి. బెల్టుతో నడిచే సీవీటీల కథ వేరు. ఇంటికి ఫోన్ చేస్తే బావో బాబాయో "క్లచ్ ప్లేటు మార్పించరా" అంటారే, ఆ సలహా కూడా దీనికి పనికిరాదు. ఇండియాలో 2014లో సెలెరియోతో మొదలై చిన్న కార్లలో వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్ బాక్సే. మన కాలూ చెయ్యీ చేసే పని అక్కడ ఒక మోటారో హైడ్రాలిక్ పిస్టనో చేస్తుంది, అంతే. రెండింటినీ "ఆటోమేటిక్" అనే పిలవడంతో వచ్చింది తిప్పలు.

అసలు దీని లోపల ఏముందో కాస్త తెలిస్తే సగం భయం పోతుంది. ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్. దాని వెనక ప్లానెటరీ గేర్లు. ఈ గేర్లలో ఏ చక్రం తిరగాలి, ఏది ఆగాలి అన్నదే గేరు మారడమంటే. ఆపడానికీ కలపడానికీ క్లచ్ ప్లేట్ల కట్టలూ, కొన్నిట్లో బ్యాండ్లూ ఉంటాయి. వాటిని నొక్కేది ఆయిల్ ప్రెషర్. ఆ ఆయిల్‌ని ఎప్పుడు ఎటు పంపాలో చూసేది వాల్వ్ బాడీ. చూడ్డానికి చీమల పుట్టని నిలువుగా కోసినట్టుంటుంది, అన్నీ సన్న కాలవలే.

జీఎమ్ వాళ్ళు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ పెట్టినప్పుడు అందులో కంప్యూటర్ లేదు. బండి వేగంతో పెరిగే ప్రెషర్ ఒక పక్క, యాక్సిలరేటర్ తొక్కుడుతో పెరిగే ప్రెషర్ ఇంకో పక్క, మధ్యలో స్ప్రింగున్న వాల్వు. ఏది గెలిస్తే వాల్వు అటు జరుగుతుంది, గేరు మారుతుంది. ఒక 'ఇఫ్' స్టేట్‌మెంటుని నూనెతో రాశారన్నమాట! నాకైతే మన వృత్తిలోని చాలా కోడ్ కంటే ఇదే అందంగా కనిపిస్తుంది. తర్వాత్తర్వాత ఆ పోల్చి చూసే పని కంప్యూటర్‌కి ఇచ్చారు. ఇప్పుడు లోపలికెళ్ళే తిరుగుడు, బయటికొచ్చే తిరుగుడు, యాక్సిలరేటర్ ఎంత తొక్కాం, ఆయిల్ ఎంత వేడిగా ఉంది... ఇవన్నీ సెన్సర్లు చెప్తాయి. కంప్యూటర్ నిర్ణయించి సోలినాయిడ్లకి కరెంటు పంపుతుంది. అవి ఆయిల్ దారి తెరుస్తాయి.

అంటే గేరు సరిగ్గా పడకపోతే అనుమానితులు చాలామంది. సెన్సర్ అబద్ధం చెప్పి ఉండొచ్చు, వైరు తెగుండొచ్చు, సోలినాయిడ్ ఇరుక్కుని ఉండొచ్చు, ఆయిల్ తగ్గిపోయో మాడిపోయో ఉండొచ్చు. వీటన్నిటి తర్వాతే క్లచ్ ప్లేట్లు అరిగిపోవడం. షాపాయన మాత్రం చివరాఖరి అనుమానితుణ్ణే ముందుగా ఉరి తీయమంటున్నాడు.

మా తోడల్లుడి కారు సంగతి చెప్తాను. ఉండేది డాలస్ పక్కన. కారు 2006 మోడల్ సెడాన్, అప్పటికి 1,48,000 మైళ్ళు తిరిగింది. అతను ప్రాజెక్టు అయిపోయి రెండు నెలలుగా బెంచ్ మీద ఉన్నాడు. ఒక్క జీతం, ఇద్దరు పిల్లలు. నలభై మైళ్ళ వేగంలో పోతుండగా బండి హఠాత్తుగా వెనకనించి ఎవరో తన్నినట్టు కుదుపిచ్చేది. ఆ తర్వాత ఒకే గేరులో ఇరుక్కుని గొంతు పెంచి అరిచేది. ఆపి, ఇంజన్ కట్టేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే బుద్ధిమంతుడు. షాపులో మూడు వేల రెండొందల డాలర్లు చెప్పారు. బండి అమ్మినా అంత రాదు. "అన్నయ్యా, దీన్ని వదిలించుకోవడమే నయమేమో" అన్నాడు.

ముఖ్యమైన ఆధారం మాత్రం మా మరదలు పట్టింది. "బావగారూ, అది తన్నే ముందు ఆ స్పీడు ముల్లు కూడా టక్కున కిందికి పడుతోంది. నేను పక్క సీట్లోంచి చూస్తూనే ఉన్నా, ఈయన చెప్తే వినరు" అంది. నిజానికి కేసు అక్కడే తేలిపోయింది. బండి నలభైలో పోతోంది, ముల్లు సున్నా చూపించింది. చాలా కార్లలో ఆ ముల్లుకీ గేర్ల కంప్యూటరుకీ బండి వేగం చెప్పేది ఒకే సెన్సర్. బండి ఆగిపోయిందని కబురందితే కంప్యూటర్ ఏం చేస్తుంది పాపం? తన దగ్గరున్న డేటా ప్రకారం సరైన పనే చేసింది.

షాపులో చూసిన కోడ్ పి0700. దాన్ని చూపించే "ట్రాన్స్‌మిషన్ కోడ్ వచ్చింది కదా" అన్నారట. 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నిటికీ ఓబీడీ-2 ఉండి తీరాలి కాబట్టి ఇరవై డాలర్ల పరికరం కూడా ఏదో ఒక కోడ్ చూపిస్తుంది. కానీ పి0700కి అర్థం "ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదుంది, వెళ్ళి అడగండి" అని మాత్రమే. అది స్టాక్ ట్రేస్ కాదు, "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అనే పాప్-అప్ లాంటిది. అసలు ఫిర్యాదు చదవాలంటే ట్రాన్స్‌మిషన్ మాడ్యూల్‌తో మాట్లాడగలిగే స్కానర్ కావాలి. అలాంటిది తెచ్చి పెడితే పి0720 కనిపించింది, బయటికొచ్చే వేగం చెప్పే సెన్సర్ సర్క్యూట్. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి చూస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుం. ముందు ఆ చిలుం గీకి పాత సెన్సరుతోనే వారం నడిపించాం. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలీదు కదా. వారంలో రెండుసార్లు ముల్లు పడింది. అప్పుడు సెన్సర్ మార్చాం, నలభై అయిదు డాలర్లు. మళ్ళీ తన్నలేదు.

ఇది విని "ఓహో, గేర్ల సమస్యంటే సెన్సర్ మార్చేస్తే చాలు" అనుకుంటే మళ్ళీ మొదటికొస్తాం. కోడ్ చెప్పేది కంప్యూటర్ ఏం చూసిందో, అంతే. ఏ పార్టు పాడైందో చెప్పదు. పి0730 అని ఒకటుంది, గేరు నిష్పత్తి తప్పింది అని. ఉదాహరణకి ఒకటికి ఒకటి నిష్పత్తి ఉండే గేరులో లోపలికి నిమిషానికి 2400 చుట్లు వెళ్తుంటే బయటికి కూడా 2400 రావాలి. 2000 వచ్చాయనుకోండి, 400 ఎక్కడో జారిపోతున్నాయి. జారుతున్నది క్లచ్ అయి ఉండొచ్చు, లేదా ఏమీ జారకుండా లెక్కపెట్టే సెన్సరే తప్పు లెక్కపెడుతూ ఉండొచ్చు. బండి నడుస్తుండగా స్కానర్లో రెండు అంకెల్నీ పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. క్లచ్ జారితే ఇంజన్ కూడా ఊఁ అని లేస్తుంది, బండి మాత్రం ముందుకి పోదు. సెన్సర్ అబద్ధమాడితే అంకె ఒక్కటే గెంతుతుంది, మీ నడుముకి ఏమీ తెలీదు.

అందుకే షాపుకెళ్ళే ముందు ఒక కాగితం మీద రాసుకోమంటాను. చల్లగా ఉన్నప్పుడా, అరగంట నడిపాకా? ఏ గేరునించి ఏ గేరుకి మారేటప్పుడు? గట్టిగా తొక్కితేనా, తేలిగ్గా పోతున్నప్పుడా? పొద్దున్నే జారి, వేడెక్కాక సర్దుకుంటే లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడ్డాయని అనుమానించాలి. పొద్దున బాగుండి, డాలస్ ఎండలో ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక జారితే ఆయిల్ పలచబడి ప్రెషర్ ఎక్కడో కారిపోతోందని. పార్క్‌లోంచి డ్రైవ్‌లోకి వేశాక రెండు మూడు సెకన్లు ఆలోచించి గాని కదలకపోతే ముందు ఆయిల్ మట్టం చూడాలి. డ్రైవ్‌లోంచి రివర్స్‌కి మార్చినప్పుడు మాత్రమే దబ్బున శబ్దమొస్తే ఇంజన్ మౌంటు విరిగిందేమో చూడాలి, దానికీ గేర్ బాక్సుకీ సంబంధమే లేదు. "గేర్లు సరిగ్గా పడట్లేదండీ" అని చెప్పడం మన క్లయింట్లు "సిస్టం పనిచెయ్యట్లేదు" అని మెయిల్ కొట్టినట్టే ఉంటుంది. ఆ మెయిల్ చూసి మనం ఎంత తిట్టుకుంటామో మనకి తెలుసు కదా :)

ఆయిల్ దగ్గర చాలా పురాణాలున్నాయి. ఎర్రగా ఉంటే మంచిది, గోధుమరంగుకి తిరిగితే పాతబడింది, నల్లగా అయ్యి మాడు వాసనొస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. రోజ్ మిల్క్ రంగులోకి మారి నురగ కనిపిస్తే మాత్రం బండి కదిలించకండి. రేడియేటర్ లోపల పగిలి కూలెంటు ట్రాన్స్‌మిషన్‌లోకి వస్తోందన్నమాట, ఆ నీళ్ళు క్లచ్ ప్లేట్ల మీది పూతని ఊడగొడతాయి. మట్టం చూసే పద్ధతి బండి బండికీ మారుతుంది. కొన్నిట్లో ఇంజన్ నడుస్తూ వేడిగా ఉండగా చూడాలి, కొన్నిట్లో ఆపిన నిమిషంలోపు చూడాలి, కొన్నిట్లో డిప్‌స్టిక్కే ఉండదు, కిందనించి బోల్టు తీసి చూడాలి. మీ బండి మాన్యువల్ తిరగేయండి, పక్కింటాయన బండి పద్ధతి వద్దు. ఏ రకం ఆయిలో కూడా అందులోనే ఉంటుంది. "అన్ని కార్లకీ సరిపోతుంది" అని డబ్బా మీద రాసుంటే నేనైతే దాని జోలికి పోను.

"జీవితకాలం మార్చక్కర్లేదు" అనే ఆయిల్ మాట ఒకటి. ఎవరి జీవితకాలం అని ఎవరూ అడగరు. వారంటీ దాటాక ఆ బండి ఎలా పోయినా కంపెనీకి పెద్ద బెంగ ఉండదని నా అనుమానం. దానికి ఎదురుగా ఇంకో నమ్మకం: "పాత బండికి ఆయిల్ మారిస్తే ట్రాన్స్‌మిషన్ చచ్చిపోతుంది." చాలామంది ఎప్పుడు మారుస్తారో ఆలోచించండి. జారడం మొదలయ్యాక. అంటే అప్పటికే చావుబతుకుల్లో ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాక పోయాడు కాబట్టి ఆస్పత్రే చంపిందన్నట్టుంది లెక్క. అందులో పిసరంత నిజం లేకపోలేదు. బాగా అరిగిన బండిలో మెషీను పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేస్తే ఎక్కడో పేరుకున్న చెత్త కదిలి సన్న కాలవల్లో అడ్డం పడొచ్చు. అందుకే నేను కింద బోల్టు తీసి కారినంత కార్చి, అంతే కొత్తది పోయడం వైపే ఉంటాను. ఒకసారికి మొత్తం రాదు, టార్క్ కన్వర్టర్లో చాలా మిగిలిపోతుంది. నూటికి నలభై మారిందనుకుందాం. కొన్ని వందల మైళ్ళ ఎడంతో మూడుసార్లు చేస్తే మిగిలే పాతది 0.6 ని మూడుసార్లు గుణిస్తే ఎంతో అంత, అంటే నూటికి ఇరవై రెండు లోపు. చాలు.

హైవే మీద నలభై, యాభై మైళ్ళ దగ్గర తేలిగ్గా తొక్కుతూ పోతుంటే రోడ్డు పక్క గరుకు పట్టీ ఎక్కినట్టు బండి గడగడలాడుతుంది చూశారా, దానికి రీబిల్డ్ చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఆ వేగంలో టార్క్ కన్వర్టర్ లోపలి క్లచ్ కట్టుకుని ఇంజన్నీ గేర్లనీ నేరుగా కలుపుతుంది. అది జారుతూ పట్టుకుంటే ఈ వణుకు. ఇంజన్లో ఒక సిలిండర్ సరిగ్గా కాలకపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. విడదీయడానికి చిన్న పరీక్ష: వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు మీద, వేగం అలాగే ఉంచి, బ్రేక్ లైటు వెలిగేంత మాత్రం, బండి ఆగేంత కాదు, బ్రేక్ పెడల్ మీద కాలు ఆనించండి. బ్రేక్ స్విచ్ పడగానే కంప్యూటర్ ఆ క్లచ్ వదిలేస్తుంది. ఇంజన్ చుట్లు కాస్త పెరిగి వణుకు ఠక్కున ఆగితే కన్వర్టర్ క్లచ్. అప్పుడు కూడా మొదటి మందు ఆయిల్ మార్పే. వణుకు అలాగే ఉంటే స్పార్క్ ప్లగ్గులూ కాయిళ్ళూ చూడాలి.

అన్నీ ఇలా చవగ్గా తేలిపోతాయని నేను చెప్పట్లేదు. కింద పాన్ విప్పితే అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటుంది, అది మామూలే. మెరిసే ముక్కలు, ఇత్తడి రజను, నల్లటి పెచ్చులు కనిపిస్తే మాత్రం గేర్ బాక్స్ నిజంగానే పోయింది. గేజి పెట్టి చూస్తే ప్రెషర్ రాకపోయినా అంతే. కొన్ని మోడళ్ళకి పుట్టుకతోనే లోపాలుంటాయి. హోండా 2004లో రెండో గేరుకి తగినంత ఆయిల్ అందక వేడెక్కే సమస్యకి సుమారు 11 లక్షల బళ్ళు రీకాల్ చేసింది. నమ్మకమైన కంపెనీ అన్న ఒక్క మాట మీద ఆగిపోకుండా మోడలూ సంవత్సరమూ పెట్టి పాత రీకాళ్ళు ఓసారి వెతకడం మంచిది. రవాణా భద్రతా సంస్థ, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాళ్ళ సైటులో ఉచితంగానే ఉంటాయి.

షాపుల వాళ్ళందరూ దొంగలనీ అనను. వాళ్ళ వైపునించి చూడండి. ఒక్క సోలినాయిడ్ మార్చి పంపితే, నెలకి వేరే క్లచ్ పోతే మనం వెళ్ళి గొడవ పెట్టుకుంటాం. మొత్తం రీబిల్డ్ చేస్తే వారంటీ ఇచ్చి నిశ్చింతగా ఉండొచ్చు. పైగా రెండు గంటలు కూర్చుని కారణం కనిపెట్టినందుకు డబ్బు అడిగితే "ఏమీ మార్చలేదుగా, దేనికి?" అనేది మనమే. గంటకింతని బిల్లు కొట్టి బతికే జాతి ఇంకొకడి ఆలోచనకి గంట డబ్బులివ్వడానికి గింజుకుంటుంది! ట్రాన్స్‌మిషన్ పనే చేసే షాపుకెళ్ళి, "రీబిల్డ్ సంగతి తర్వాత, ముందు డయాగ్నోసిస్‌కి ఎంత?" అని అడగండి. ఏ కోడ్లు వచ్చాయి, ప్రెషర్ ఎంతుంది, పాన్‌లో ఏముంది అన్నది కాగితం మీద రాసిమ్మనండి. ఈ మూడిటికీ సమాధానం లేకుండా మూడు వేలు అడిగే చోటనించి లేచి వచ్చెయ్యొచ్చు.

ఇక ఆగస్టు కుర్రాడి సంగతి. అమ్మేవాడు కోడ్లు చెరిపేస్తే చెక్ ఇంజన్ లైటు ఆరిపోతుంది, నిజమే. కానీ ఓబీడీలో రెడీనెస్ మానిటర్లని ఉంటాయి. అవి కొన్నాళ్ళు నడిస్తే గాని పూర్తవ్వవు. "బండి రోజూ వాడుతున్నాం" అంటూనే సగం మానిటర్లు "నాట్ రెడీ" అని ఉంటే, ఈ మధ్యే కోడ్లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. ఎందుకని అడగాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడ్డానికి వస్తానని చెప్పండి. ముందే వేడి చేసి పెట్టారేమో బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. పది నిమిషాలు కాదు, నలభై నిమిషాలు నడపండి, హైవే ఎక్కండి. మొదటి జీతం ఇంకా రాని పిల్లాడికి, ఇంటినించి తెచ్చుకున్న డబ్బులో సగం పెట్టి కొన్న కారు రెండో వారంలో ఫ్రీవే మీద రెండో గేరులో ఇరుక్కుపోవడం అంటే ఏమిటో ఆలోచించండి. అమ్మింది "మన తెలుగు అన్నయ్యే" అని వాడు మెకానిక్‌కి కూడా చూపించి ఉండడు.

మా తోడల్లుడు ఆ కారుని ఇంకో రెండేళ్ళు వాడి, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి అమ్మాడు. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చిందీ, పి0720 ఎప్పుడొచ్చిందీ, ఏ సెన్సర్ మార్చిందీ ఒక పేజీలో రాసి తాళంతో పాటు ఇచ్చాడు. ఆ పేజీ చూపించి ఆవిడ మూడొందలు తగ్గించమంది. రెండొందల యాభైకి బేరం తెగింది.